ఒడ్డు దిగే ఓడ

వడదెబ్బకు చనిపోయినవాళ్ళను ప్రభుత్వం అంటార్కిటికాకు తరలించడం మొదలుపెట్టాక, రాళ్ళగుంట మిర్చి యార్డులో ఎండాకాలమంటే ఉన్న పాత భయం పోయింది. అంతకుముందు పరిహారం డబ్బు రూపంలో ఇచ్చేవారు. అది పైనుంచి కిందికి వచ్చేసరికి దారిలోనే కరిగిపోతోందని, కరగని పరిహారం ఏదైనా చూడాలని ఒక కమిటీ సిఫారసు చేసింది. వేడి వల్ల నష్టపోయినవాడికి చల్లదనంతోనే న్యాయం జరగాలని ఇంకో కమిటీ చెప్పింది. రెండు సిఫారసులూ కలిపి చూస్తే భూమ్మీద ఒక్క చోటే మిగిలింది. దాంతో శీతల పునరావాస శాఖ ఏర్పడింది. దానికి భవనం, భవనానికి ఏసీలు, ఏసీలకు కాపలాదార్లు సమకూరారు.

పద్ధతి తేలికైనదే. ఎండలో పడిపోయిన మనిషి ఎండ వల్లే పడిపోయాడని ముగ్గురు అధికారులు సంతకాలు పెడితే, శాఖవారి తెల్ల వ్యాను ఇంటి ముందుకొస్తుంది. మనిషిని తడిగుడ్డలో చుట్టి రేవుకు తీసుకుపోతారు. ఓడలో అంటార్కిటికాకు చేర్చి మంచు మీద దించాక వాళ్ళు లేచి నిలబడతారు. ఎందుకు లేస్తారన్న సంగతి శాఖ పరిధిలోకి రాదు గనక ఎవరూ విచారించలేదు. లేచినవాళ్ళకు నారింజరంగు దళసరి కోటు ఇచ్చి, మండలాలవారీగా నిలబడే చోటు కేటాయిస్తారు. మిగతా రకం చావులకు ఈ సదుపాయం లేదు. జబ్బు చేసి పోయినవాళ్ళూ, వయసు మళ్ళి పోయినవాళ్ళూ పూర్వంలాగే ఎటు పోతారో తెలియకుండా పోతున్నారు. అందుకని ఊళ్ళో ఎవరైనా మంచాన పడి కన్నుమూస్తే, పలకరించడానికి వెళ్ళినవాళ్ళు "అయ్యో, ఎండాకాలం దాకా ఆగలేకపోయాడే" అని బాధపడేవారు.

గురవయ్య ఆగగలిగాడు. అతను యార్డులో ముఠా కూలీ. మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలను వీపున మోసి లారీకెత్తడం అతని పని. ఏప్రిల్ నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, వీపు మీది టిక్కీ దించకుండానే లారీ చక్రం పక్కన చతికిలబడ్డాడు. అలవాటు లేని పని చేస్తున్నాడే అని తోటివాళ్ళు చూసేలోపు పోయాడు. నిమ్మళమైన మనిషి. పోవడం కూడా ఎవరికీ ఇబ్బంది లేకుండా పోయాడని మేస్త్రి మెచ్చుకున్నాడు.

అతని భార్య పేరమ్మ అదే యార్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. కూతురు తిరుపతమ్మకు పద్దెనిమిదేళ్ళు. ఆ పిల్లా తల్లి పక్కనే అదే పని చేస్తుంది. కబురు తెలిసి ఇద్దరూ పరిగెత్తుకొచ్చి, కారం మంటలున్న చేతులతోనే అతని ముఖం పట్టుకున్నారు. తర్వాత ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు వాళ్ళు ఏడ్చిన ఏడుపులో గురవయ్య కోసం ఎంతో, మిరపకాయల వల్ల ఎంతో చెప్పడం కష్టం. కానీ ఆ మంట తగ్గాక కూడా పేరమ్మ ఏడుపు తగ్గలేదు.

ముందు డాక్టరు, గుండె ఆగి చనిపోయాడని రాశాడు. అలా రాస్తే గురవయ్యను ఊరి చివర పూడ్చాల్సిందే. పేరమ్మ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని లేవలేదు.

"గుండె ఆగకుండా ఎవుడన్నా సస్తాడా సారూ? ఎందుకాగిందో అది రాయి" అంది.

డాక్టరు కాసేపు ఆలోచించి, ఆ మాటలో తప్పేమీ కనబడక, ఎండ అని రాశాడు. మిగతా ఇద్దరూ చూడకుండా సంతకాలు చేశారు. వ్యాను వచ్చింది. గురవయ్య వెళ్ళిపోయాడు.

మనిషి ఎక్కడికి వెళ్ళినా పెద్దదినం చెయ్యక తప్పదు. ఆ రోజు గురవయ్యకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరి ప్రహరీగోడ మీద పెట్టి, కాకి కోసం ఎదురుచూశారు. కాకి వచ్చి ముడితే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరూ చేతులు జోడించి, నీ పని నేను చూసుకుంటాలే అని మాటివ్వాలి. అసలు కోరిక ఎవరి నోటి నుంచి వస్తే అప్పుడు కాకి దిగుతుంది. రాళ్ళగుంటలో ఎవరింట్లోనైనా ఇంతే.

కాకి వచ్చింది. గోడ చివర కూర్చుంది. నోరు తెరుచుకుని రొప్పుతూ విస్తరి వంక చూసింది. పిల్లను చల్లగా చూసుకుంటానని పేరమ్మ అంది. కాకి కదల్లేదు. మందు మానేస్తానని గురవయ్య తమ్ముడు సాంబయ్య అన్నాడు. అన్నాక కొంచెం భయపడి కాకి వంక చూశాడుగానీ, అది కదల్లేదు. మేస్త్రితో పడ్డ తగువు మర్చిపోతామన్నారు. పోలేరమ్మకు పొంగళ్ళు పెడతామన్నారు. తిరుపతమ్మ మాత్రం ఏ మాటా ఇవ్వలేక "నాన్నా, తిను నాన్నా" అంది. కాకి లేచి ఎటో వెళ్ళిపోయింది. పొద్దుగూకేదాకా ఇంకోటి రాలేదు. విస్తరిలో అన్నం ఎండిపోయి గలగలలాడింది.

ఆనాటి నుంచి పేరమ్మకు ముద్ద దిగలేదు. ఇరవై ఏళ్ళు కలిసి బతికిన మనిషికి ఏం కావాలో తనకు తెలియలేదన్నది ఆమె బాధ. ఉన్నన్నాళ్ళూ అతను ఏదీ అడగలేదు. అడగని మనిషితో కాపురం సుఖమే అనుకుంది. ఇప్పుడది గొంతులో ముల్లయి కూర్చుంది. పాత రోజులైతే ఆ ముల్లుతోనే బతుకు వెళ్ళిపోయేది. ఇప్పుడు పథకం ఉంది గనక, వెళ్ళి అడగొచ్చు. పోయినవాడి కుటుంబానికి జీవితంలో ఒక్కసారి, ఇద్దరికి, శాఖ ఖర్చుతో ఓడ ప్రయాణం ఉంది. ఇద్దరిలో ఒకరు మగ బాధ్యుడై ఉండాలి.

ఏ ఓడన్నది ఎవరికి వారే ఎంచుకోవాలి. అందరూ తప్పటడుగు వేసేది అక్కడే.

సాంబయ్యది మొదటినుంచీ పెద్ద ఓడ పాటే. "సాగర వైభవం వదినా. ఐదు పూట్లా తిండంట. ఈత కొట్టే తొట్టంట. రాత్రిళ్ళు రికార్డింగ్ డాన్సులంట" అని ఆ ఓడ బొమ్మల పుస్తకం తెచ్చి చూపించాడు. అన్న పోయిన దుఃఖం అతనికీ ఉంది. అయితే దుఃఖం దుఃఖమే, తొట్టి తొట్టే.

పేరమ్మ వెళ్ళొచ్చినవాళ్ళను అడిగింది. ఎదురువీధి మంగతాయి మొగుణ్ణి చూడటానికి నిరుడు పెద్ద ఓడలోనే వెళ్ళింది. అది ఒడ్డుకు దూరంగా ఆగుతుంది. డెక్కు మీద దుర్భిణీలుంటాయి, వంతులవారీగా కళ్ళకు పెట్టుకుని చూడాలి. అందరివీ ఒకే రంగు కోట్లు కావడంతో మంగతాయి చూసినంతసేపూ పక్క మండలం మనిషెవరికో చెయ్యి ఊపింది. ఆ సంగతి తిరిగొచ్చాక ఫోటోలో తేలింది. "ఐనా పర్లేదులే అక్కా, ఆ అబ్బి గూడా ఊపాడు. ఆడి పెళ్ళాం వచ్చిందో లేదో పాపం" అంది మంగతాయి. ఆమె తృప్తిగానే ఉంది.

పేరమ్మ సాంబయ్యను వెంటబెట్టుకుని శాఖ కార్యాలయానికి వెళ్ళింది. పర్యటన ఎంపిక విభాగం లోపలి గదిలో ఉంది. ఊళ్ళో అంత చల్లగా ఉండే గది ఇంకోటి లేదు. జనం పని అయిపోయినా లేవకుండా, ఇంకా ఏదో సందేహం ఉన్నట్టు ముఖం పెట్టి కూర్చునేవారు. అక్కడి గుమాస్తా అచ్యుతరావు నియమాల మనిషేగానీ చెడ్డవాడు కాడు. చలికి శాలువా కప్పుకుని ఉన్నాడు.

"చూడమ్మా, ఓడలు మూడు రకాలు" అన్నాడు. "ఏ ఓడైనా అక్కడికి తీసుకెళ్తుంది. తేడా అంతా ఒడ్డు దిగడంలోనే. ఒడ్డు మీద ఒకేసారి వందమందికి మించి ఉండకూడదని అంతర్జాతీయ నియమం. పెద్ద ఓడలో వేలమంది ఉంటారు గనక అసలు దింపరు. మధ్య ఓడలో వంతులుంటాయి. పొద్దుటి వంతు దిగాక గాలి లేస్తే, సాయంత్రం వంతువాళ్ళు ఓడలోంచే దణ్ణం పెట్టుకుని రావాలి. చిన్న ఓడ పేరు గువ్వ. అందులో వందమందే, ప్రతిసారీ అందరూ దిగొచ్చు."

"ఆ వందలో పోయినోళ్ళు గూడా కలుస్తారా సార్?" అన్నాడు సాంబయ్య, ఎలాగైనా చిన్న ఓడకు లోపం పట్టాలని.

"పోయినవాళ్ళను లెక్కలోకి తీసుకోరు" అన్నాడు అచ్యుతరావు.

"మాటలు వినబడతయ్యా?" అంది పేరమ్మ.

"ఐదు మీటర్ల దూరం పాటించాలి. పెంగ్విన్లకు ఏ నియమమో వీళ్ళకూ అదే. ఆ దూరం నుంచి వినబడుతుంది. కానీ చిన్న ఓడ బాగా ఊగుతుందమ్మా. దారిలో ఒక సముద్రం ఉంది, కడుపులో ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వదు."

"ఊగితే ఊగనీండి. నా కడుపులో ఏముందని?"

సాంబయ్య పుస్తకం మూసేశాడు. ఈత తొట్టి బొమ్మ పైకి కనబడకుండా తిప్పి పెట్టాడు.

అచ్యుతరావు ఫారంలో వివరాలు రాసుకుంటూ, ఒడ్డు దిగి ఏం మాట్లాడతారని అడిగాడు. అదీ ముందే చెప్పాలట. కుశలం అడగొచ్చు. ఇంటి సంగతులు చెప్పొచ్చు. కోరిక మాత్రం అడగకూడదు.

"ఎందుకని సారూ?"

"అడిగితే ఏదో ఒకటి కోరతారు కదమ్మా. అది తీర్చే బాధ్యత ఎవరిదని ప్రశ్న వస్తుంది. ఇప్పటిదాకా శాఖకు ఆ ప్రశ్న రాలేదు."

పేరమ్మ తల వంచుకుంది. కాకి సంగతంతా చెప్పింది. అచ్యుతరావుకూ ఇంట్లో పెద్దదినాలు జరిగాయి, అతనూ గోడ పక్కన నిలబడి మాటలిచ్చినవాడే. శాలువా సర్దుకుని, ఆ గడిలో 'బాగున్నావా' అని రాసి, అక్కడ ఏం అడిగేదీ తనకు వినబడదు కదా అన్నాడు.

తిరుపతమ్మ తనూ వస్తానంది. తండ్రి పోయిన రోజు నుంచి ఆ పిల్ల ఎక్కువ మాట్లాడటంలేదు. ఎక్కడ పని ముగిస్తే అక్కడే కూర్చుండిపోతోంది. బాబాయి బదులు నేనొస్తాను, ఒక్కసారి చూసి వచ్చేస్తానని తల్లి చెయ్యి పట్టుకుంది. అయితే సాంబయ్య మగ బాధ్యుడు, మార్చడానికి వీల్లేదు. పేరమ్మ బదులు వెళ్తుందా అంటే, అప్పుడు అడగాల్సింది ఎవరు? "నీ సంగతి గూడా అడిగొస్తా లేమ్మా" అని తల నిమిరింది పేరమ్మ. పిల్ల చెయ్యి వదిలేసింది.

చలికాలం మొదట్లో బయల్దేరారు. మనకు చలికాలమైతే వాళ్ళకు ఎండాకాలం, ఓడలు నడిచేది అప్పుడే. గువ్వ నిజంగానే ఊగింది. ఆ సముద్రంలో సాంబయ్య తిన్నదంతా కక్కి, తినంది కూడా కక్కాడు. పెద్ద ఓడ ఎంచుకోనందుకు వదినను, చచ్చిపోయినందుకు అన్నను తిట్టి, ఆ తర్వాత వదిన ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లాడల్లే ఏడ్చాడు. ఆ ఏడుపు అతనికి ఏప్రిల్ నుంచీ బాకీ ఉంది. పేరమ్మ అతని వీపు రాస్తూ కిటికీలోంచి నీళ్ళవంక చూస్తూ కూర్చుంది.

అక్కడికి చేరాక చూస్తే ఎండ ఉంది. పగలూ ఉంది, రాత్రీ ఉంది. ఆ కాలంలో అక్కడ పొద్దు గూకనే గూకదట. ఎండ తగిలి చచ్చినవాళ్ళను ఎండ ఆరిపోని చోట పెట్టారేమిటని పేరమ్మకు కోపం వచ్చింది. ఓడలోని గైడు ఆమెను డెక్కు మీదికి తీసుకెళ్ళి చెయ్యి చాపమన్నాడు. చాపి చూసింది. ఎండేగానీ, అది ఎవరినీ ఏమీ చెయ్యని ఎండ. గుమ్మంలో కూర్చున్న ముసలికుక్కలాగా ఊరికే పడి ఉంది. మన ఊళ్ళోనూ ఇలా ఉంటే ఏం పోయేదనుకుంది పేరమ్మ.

ఒడ్డు దిగేముందు అందరి బూట్లూ మందునీళ్ళలో కడిగారు. ఆ నేల మీదికి వేరే చోటి మట్టిగానీ, విత్తనంగానీ, తిండిగానీ పోకూడదు. అక్కడ కూర్చోకూడదు, ఏదీ వదలకూడదు, ఏదీ తేకూడదు. బట్టల మడతల్లో గింజలుంటే లాగేసే మిషను ఒకటుంది. దాన్ని పేరమ్మ కోకకు పెట్టగానే మిరపగింజలు రాలాయి. మడత మడతకూ రాలాయి. శాఖవారి కోటు తొడిగి, ఆ కోటు విప్పి మళ్ళీ పెట్టినా రాలాయి. మిషను దగ్గరి కుర్రవాళ్ళు తుమ్మలేక చచ్చారు. ఇరవై ఏళ్ళు తొడిమలు తీసిన మనిషిలోంచి గింజలన్నీ ఏరెయ్యడం అయ్యే పని కాదని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. చివరికి కోక మొత్తం తీసేసి, వాళ్ళ లాగూ చొక్కా ఇచ్చారు. ఆ వేషంలో, అందరికన్నా చివర, పేరమ్మ రబ్బరు పడవెక్కింది. మనిషి తనను గుర్తుపడతాడో లేదో అని దారంతా బెంగపడింది.

గుర్తుపట్టాడు. రాళ్ళగుంట మండలం వాళ్ళంతా ఒక నల్లరాతి గుట్ట పక్కన వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పెంగ్విన్లు తమ పనుల మీద తాము తిరుగుతున్నాయి. గురవయ్య ఒక అడుగు ముందుకేసి ఆగాడు. ముఖం నున్నగా ఉంది. ఒంటి మీద చెమట లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె అతన్ని చెమట లేకుండా చూడటం అదే మొదలు.

మగ బాధ్యుడు గనక ముందు సాంబయ్య మాట్లాడాలి. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ అతనికి ఎగిరిపోయాయి.

"అన్నా, టీవీయస్ బండి తాళం యాడ పెట్టావు?" అన్నాడు.

"బియ్యం డబ్బాలో" అన్నాడు గురవయ్య.

సాంబయ్య తల ఊపి, పక్కకు వెళ్ళి, కోటు టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

"బాగున్నావా మావా?" అంది పేరమ్మ.

"బాగున్నానే. సల్లగుంది."

"తింటన్నావా?"

"ఆకలెయ్యదు. దప్పిక గూడా లేదు." కాసేపు ఆమె చేతుల వంక చూశాడు. "చేతులు ఇంకా మండుతున్నయ్యా? వెన్నపూస రాసుకుంటన్నావా?"

"రాసుకుంటన్నా" అని అబద్ధం చెప్పింది. తర్వాత ఒక్క ఊపిరిలో అడిగేసింది. "నీ కూడు కాకి ముట్టలేదు మావా. అందరం మొక్కుకున్నాం, ఐనా ముట్టలేదు. నీకేం గావాల్నో చెప్పు. అదడుగుదామనే ఇంత దూరం వచ్చా."

గైడు గబగబా ఒక పెంగ్విన్ వంక తిరిగి దాన్ని పరిశీలించసాగాడు. తన కాళ్ళ మధ్య నుంచి ఇంకో పెంగ్విన్ దాటిపోయేదాకా గురవయ్య దాన్నే చూశాడు. బతికున్నప్పుడూ అంతే, ఏదడిగినా ఆలస్యమే.

"నువ్వు ఇక్కడికి రాబాకే" అన్నాడు.

"వచ్చేశాగా మరి?"

"అట్టా గాదు. ఎండకి సచ్చి రాబాక. నువ్వూ, పిల్లా. ఇద్దరూ నీడపట్టున పోండి. ముసల్దానివై, మంచంలో, సలికాలం పొద్దున పో. పిల్ల గూడా అంతే. నాకు అదొక్కటే గావాల."

"నీడపట్టున పోతే ఇక్కడికి పంపరుగా. మరి నిన్ను మళ్ళీ ఎట్టా సూసేది?"

"సూడబాక" అన్నాడు గురవయ్య.

పేరమ్మకు దుఃఖం ఆగలేదు. అక్కడ ఏడవడానికి నిషేధం లేదుగానీ, ఒడ్డు మీద ఏదీ వదలకూడదు గనక కన్నీళ్ళు కింద పడకుండా చూసుకోవాలి. గైడు తువ్వాలు అందించాడు. దాంట్లో ముఖం పెట్టి ఆమె ఏడుస్తుంటే, గురవయ్య ఐదు మీటర్ల అవతల చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. మోయడానికి ఏమీ లేనప్పుడు ఆ చేతులను ఏం చేసుకోవాలో అతనికి ఎప్పుడూ తెలియలేదు. "సరే మావా, రాం" అంది ఆమె చివరికి. టైమైందని విజిల్ వేశారు. తువ్వాలు తిరిగి తీసుకుని, తడిసినట్టు రాసుకుని, సంచిలో వేశారు.

ఇంటికి వచ్చేసరికి తిరుపతమ్మ గుమ్మంలోనే ఉంది.

"నాన్న ఏమన్నాడు?"

"బాగున్నాడు. సల్లగుందంట."

"నన్నడిగాడా?"

"అడిగాడమ్మా. నిన్ను రాబాకన్నాడు. నన్ను గూడా."

"నువ్వయితే పోయి సూసొచ్చావు. నన్నే రావద్దన్నాడా?" అంది పిల్ల. పేరమ్మ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఎంత విడమర్చినా పిల్ల చెవికి చల్లగుందన్న ఒక్క మాటే ఎక్కింది. మిగతాది తల్లి కల్పించిందనుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పేరమ్మ ఇంకెవరికీ చెప్పుకోలేదు.

మర్నాడు మళ్ళీ వండి గోడ మీద విస్తరి పెట్టింది. చేతులు జోడించి, "మేమిద్దరం నీడపట్టునే పోతాం మావా" అని పైకి అంది. నోట్లో మాట నోట్లో ఉండగానే కాకి దిగి, ముందు కూర ముక్క, తర్వాత అన్నం తినేసింది. పక్కింటివాళ్ళు కూడా చూశారు. గురవయ్య కోరిక అదేనని రూఢి అయింది. పేరమ్మకు ఏడాదికి సరిపడా నిద్ర ఆ రోజే పట్టింది. లేచాక, ఇచ్చిన మాట ఇక నిలబెట్టుకోవాలన్న సంగతి గుర్తొచ్చింది.

మిరప సీజను మొదలైంది. పేరమ్మ యార్డు కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, తొడిమలు తీసే చోట ఒక పందిరి వేయించమని అడిగింది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషని ఆయనకు పేరు. ఆమెను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. పూర్వం అక్కడ పెద్ద రేకుల షెడ్డు ఉండేదనీ, కూలీలే అర్జీ పెట్టి పీకించారనీ గుర్తుచేశాడు. నీడలో పోయినవాళ్ళకు పథకం వర్తించదు. షెడ్డు ఉందని తెలిస్తే అధికారులు సంతకం పెట్టేటప్పుడు వంక పెడతారు. గేటు దగ్గరి చలివేంద్రం కూడా అందుకే ఎత్తేశారు. దాన్ని నడిపిన దాతలే ఇప్పుడు పెద్ద ఓడకు దుర్భిణీలు కొనిస్తున్నారు.

"నీ ఒక్కదాని కోసం పందిరి వేస్తే, మిగతావాళ్ళ నోట్లో మట్టి కొట్టినట్టు అవదా?" అన్నాడు కార్యదర్శి. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఇక పేరమ్మే రెండు గుంజలు పాతి, పాత టార్పాలిన్ పట్టా ఒకటి కట్టుకుంది. కూతురి చోటు కూడా అందులోకి వచ్చేలా చూసి కట్టింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆడవాళ్ళు నవ్వారు. మంగతాయి తన కుప్ప తీసుకుని దూరం జరిగింది. "ఏమనుకోబాక అక్కా, మా ఆయన్ని నేనింకా సరిగ్గా సూడనే లేదు" అంది. అందరూ ఒకరి తర్వాత ఒకరు జరిగారు. పట్టా చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఎవరికీ పేరమ్మ మీద కోపం లేదు.

ఏప్రిల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం పేరమ్మ చూసేసరికి తిరుపతమ్మ పట్టా అంచు దాటి ఎండలో కూర్చుని ఉంది. తలగుడ్డ కూడా తీసేసింది. పేరమ్మ లేచి, గుంజలు పెరికి, పిల్ల మీదికి నీడ వచ్చేలా మళ్ళీ పాతింది. పిల్ల తలెత్తి చూసింది.

"అమ్మా, నీ నీడ నా మీద పడతంది. జరుపుకో" అంది.

పేరమ్మ జరపలేదు. పిల్లే జరిగింది. పేరమ్మ గుంజలు పెరికి వెంట వెళ్ళింది. పిల్ల మళ్ళీ జరిగింది. ఆ మధ్యాహ్నమంతా మిర్చి యార్డులో కూతురు ముందు, నీడను మోసుకుంటూ తల్లి వెనక. టిక్కీలు మోసేవాళ్ళు వాళ్ళకు దారి ఇచ్చి తప్పుకున్నారు. మేస్త్రి ఒకసారి చూసి, టిక్కీల పని ఆగడంలేదు గనక తన దారిన పోయాడు. నాన్న వద్దన్నాడమ్మా, ఒట్టు పెట్టానమ్మా, కాకి ముట్టిందమ్మా అని పేరమ్మ బతిమాలుతూనే ఉంది. "నాకు నాన్న గావాలమ్మా" అంది తిరుపతమ్మ. పేరమ్మకూ కావలసింది అతనే. రాళ్ళగుంటలో ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడేది తనొక్కతే.

గోడ దాకా వెళ్ళాక పిల్ల ఇక జరగడానికి చోటు లేదు. అక్కడే ఎండకు ఎదురుగా కూర్చుని, గోడవార కుప్పలోంచి ఒళ్ళో కాయలు పోసుకుని తొడిమలు తియ్యడం మొదలుపెట్టింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. పేరమ్మ గుంజలు పట్టుకుని కొంతసేపు నిలబడింది. చేతులు లాగుతున్నాయి. ఈ పిల్ల వెళ్ళిపోయి, తను ముసల్దై, మంచంలో, ఏదో ఒక చలికాలం పొద్దున, ఒక్కతే, ఎటు పోతుందో తెలియకుండా పోవడం ఎలా ఉంటుందో ఊహించుకుని చూసింది. తర్వాత గుంజలు పడుకోబెట్టి, పట్టా మడిచి గోడవార పెట్టింది.

"జరగవే. నాకూ కాస్త చోటియ్యి" అంది.

తిరుపతమ్మ జరిగి, కుప్పలోంచి సగం కాయలు తల్లి ముందుకు తోసింది.